తాళం వేసిన పడవ

నాకు అనుమానం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. ఎక్కువే, కాదనను. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. సొంతంగా చేసిన లెక్కకీ, పక్కవాడి నోట్సులోంచి దించిన లెక్కకీ తేడా దూరం నుంచే పసిగట్టేదాన్ని. రిటైరయ్యాక ఆ చూపుకి పని లేకుండా పోయింది. పటమటలో మేముండే అపార్ట్‌మెంటుకి అసోసియేషన్ సెక్రటరీనయ్యాక మళ్ళీ పని దొరికింది. జనరేటర్లో డీజిల్ తగ్గుతోందని వాచ్‌మన్‌ని మాన్పించాను. 'తెలియనివారు బెల్లు కొడితే తలుపు తీయరాదు' అని లిఫ్టు పక్కన బోర్డు పెట్టించాను. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తేదాన్ని కాదు, మా ఆయన్నీ ఎత్తనిచ్చేదాన్ని కాదు. ఇదంతా గొప్ప చెప్పుకోవడానికి కాదు. నేను చెప్పబోయేది మరియదాసు సంగతి. నా సంగతి కొంత తెలియకపోతే అతని సంగతి అర్థం కాదు.

మా వెనక గేటు తీస్తే బందరు కాలువ గట్టు. గట్టు దిగితే పాత రేవు. ఏడు రాతి మెట్లు, కింది నుంచి రెండో మెట్టుకి అటొకటీ ఇటొకటీ ఇనుప కడియాలు. ఒకప్పుడు బందరు వైపు నుంచి ధాన్యం వేసుకొచ్చిన పడవల్ని ఆ కడియాలకే కట్టేవారట. మేము ఫ్లాటు కొనేనాటికి అక్కడికి కొట్టుకొచ్చేవి తాగి పారేసిన కొబ్బరి బోండాలూ, పూజ చేసిన పూలూ, చిరిగిన దిండ్లూ. ఆ రేవుకి యజమాని ఎవరూ లేరు. అలాంటప్పుడు ఒక మనిషి రోజూ పొద్దున్నే ఆరింటికి సైకిలేసుకుని వచ్చి, ఆ మెట్లు ఊడ్చి, నీళ్ళలో చెత్త కొక్కేనికి తగిలించి లాగి, ఆటోనగర్ నుంచి తెచ్చుకున్న కాలిన ఇంజనాయిలు ఆ కడియాలకి రాస్తుంటే నాకు అనుమానం రాదా?

అతనే మరియదాసు. అరవై అయిదు దాటినా వెన్ను వంగలేదు. వెలిసిపోయిన ఖాకీ చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన లుంగీ. ఎవరితోనూ మాట్లాడడు, ఎవర్నీ ఏమీ అడగడు. పని అయ్యాక పై మెట్టు మీద కూర్చుని ఓ బీడీ కాల్చి వెళ్ళిపోతాడు. ఊరికే ఎవడు చేస్తాడండీ ఏ పనైనా? అడిగేవాణ్ణి నమ్మొచ్చు, ఏమీ అడగనివాణ్ణి నమ్మకూడదని నా సిద్ధాంతం.

ఇస్త్రీ బండి అతన్నీ, పాలావిణ్ణీ కదిపి కొంత కూపీ లాగాను. మరియదాసుది యనమలకుదురు. ముప్పై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా చేశాడట. కాలువలో ఒకచోట నీళ్ళు ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటాయి కదా, అక్కడ పడవల్ని ఎక్కించి దించడానికి పెద్ద తలుపులుంటాయి, వాటిని లాకులంటారు. ఆ తలుపులు తెరిచి మూయడం, వచ్చిన పడవకి చోటు చూపించి కట్టించడం లస్కరు పని. వరదొచ్చినా, పండగొచ్చినా లాకు వదిలి వెళ్ళేవాడు కాదట. పెళ్ళయిన మూడోనాడే డ్యూటీకి వచ్చేశాడనీ, ఆ కోపం అతని భార్యకి ఇప్పటికీ తీరలేదనీ పాలావిడ చెప్పింది. తర్వాత పడవలు తగ్గాయి, లాకు తలుపులు తుప్పు పట్టాయి, మరియదాసు రిటైరయ్యాడు.

ఇంత విన్నా నాకు తృప్తి కలగలేదు. ఒకరోజు గట్టు మీదికే వెళ్ళి నిలదీశాను.

"ఏమయ్యా, దీనికి నీకెవరైనా జీతం ఇస్తున్నారా?"

"లేదండమ్మగారూ. పింఛనొస్తంది గదండి."

"పింఛనంటే పని చేయకపోయినా ఇచ్చేది."

"అదేనండి. ఊరికే తీసుకుంటే బాగోదని."

ఇంత తెలివైన జవాబు అప్పటికప్పుడు ఎవరికీ తట్టదు. ముందే సిద్ధం చేసుకుని ఉండాలి. ఆ మాటే ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. ఆయన పేరు గోపాలకృష్ణ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, అయినా మనుషుల్ని నమ్ముతారు.

"దుర్గా, నువ్వు పోలీసుల్లో చేరాల్సిన దానివి. పిల్లలు బతికిపోతారని లెక్కల్లో వేశారు" అన్నారు పేపరు తిప్పుతూ.

మొన్న వేసవిలో అసలు సంగతి మొదలైంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. నీళ్ళు అడుగంటి, కాలువ నిండా గుర్రపుడెక్క పచ్చగా పేరుకుపోతుంది. మళ్ళీ నీళ్ళు వదిలేలోపల దాన్ని తీయించాలి. ఆ పనికి ఒక మేస్త్రీ ఏటా కింది ఊళ్ళ నుంచి చిన్న పడవల వాళ్ళని పిలిపిస్తాడు. పని చూపిస్తాడు గానీ పడవ ఎక్కడ కట్టుకోవాలో చెప్పడు. అది వాళ్ళ తిప్పలు. ఆమధ్య వరదల్లో పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి తగిలినప్పటి నుంచీ మా ఊళ్ళో తెలియని పడవ కనిపిస్తే నా ఒక్కదానికే కాదు, అందరికీ అనుమానమే.

మే నెల మొదట్లో ఒక పొద్దున్న బాల్కనీలోంచి చూద్దును కదా, మరియదాసు రేవు మెట్ల మీద పొడుగాటి కర్ర నిలబెట్టి కొలుస్తున్నాడు. కర్ర పొడవునా అడుగడుగుకీ ఒక ఎర్ర పట్టీ, ఒక తెల్ల పట్టీ. కొలవడం, మెట్టు మీద సున్నంతో గీత గీయడం, మళ్ళీ పై మెట్టుకి జరపడం. రాజధాని మాట వచ్చినప్పటి నుంచీ మా చుట్టుపక్కల రంగుల కర్ర పట్టుకున్నవాడు కనిపిస్తే గజం ఎంత పలుకుతుందని అడిగేవాళ్ళే గాని, ఆ కర్ర దేనికని అడిగేవాళ్ళు లేరు. నేనూ అడగలేదు. అది సర్వే కర్రే అనుకున్నాను. ఫోటో తీసి మా అసోసియేషన్ గ్రూపులో పెట్టి, 'వెనక గట్టు కబ్జా మొదలైంది. ఇవాళ కొలత, రేపు గుడిసె, ఎల్లుండి పట్టా' అని రాశాను. పది నిమిషాల్లో పద్నాలుగు మంది నిజమే మేడమ్ అన్నారు.

ఆ సాయంత్రం బెల్లు మోగింది. తలుపు కన్నంలోంచి చూస్తే మరియదాసు. పక్కన నలభై అయిదేళ్ళ ఆడమనిషి. ఎండకి కమిలిన మొహం, చెవులకి ఏమీ లేవు. ఆవిడ చేతిలో అదే కర్ర. గొలుసు తీయకుండా తలుపు జానెడు తెరిచాను.

"నమస్కారమండమ్మగారూ. ఈవిడ సువార్తమ్మండి. బందరు కాడి నుంచి పడవేసుకొచ్చింది, గుర్రపుడెక్క పనికి. నాలుగు పడవలొస్తే మూడింటికి చోటు దొరికిందండి. ఒంటరి ఆడదని ఈవిణ్ణి మిగతావోళ్ళు పక్కన కట్టుకోనివ్వలేదు."

"అయితే?"

"నాలుగు రోజుల్నించి తిరుగుతన్నామండి. వంతెన కింద కడదామంటే వద్దన్నారు. మార్కెట్టు వెనక కడితే రాత్రికి రాత్రి ఎవరో తాడు కోసేశారు. కానూరు వైపు గట్టంతా ఫెన్సింగులే. ఇంక మిగిలింది మన రేవేనండి. కాలువల ఏఈ గారిని అడిగితే కట్టుకోమన్నారు. కాకపోతే పక్కనున్న అపార్ట్‌మెంటు వాళ్ళు అభ్యంతరం లేదని కాగితం రాసివ్వాలంట. సోమవారం లోపల ఇయ్యకపోతే పడవని లారీ ఎక్కించి గోడౌన్లో పడేస్తామన్నారండి."

"పడేస్తే తర్వాత విడిపించుకోవచ్చుగా."

అప్పుడు సువార్తమ్మ నోరు తెరిచింది. "పడవ లేనిదాన్ని పనిలో పెట్టుకోరమ్మా. పైగా ఈ ఎండలో నాలుగు రోజులు నీళ్ళు తగలకపోతే చెక్క బీటలిచ్చిద్ది. మా ఆయన చేత్తో చేసిన పడవ. ఆయన పోయాక నాకు కూడూ అదే, గూడూ అదే."

ఆ మాట అంటూ చేతిలోని కర్రని రెండు చేతులా నా వైపు పట్టుకుంది. నేను వెనక్కి జరిగాను.

"గడండి. పడవ నెట్టుకునే గడ" అన్నాడు మరియదాసు. "పరాయి పడవకి ఎవరు చోటిస్తే వాళ్ళ దగ్గర గడ ఉంచడం మా కాలువ మీద ఆనవాయితీ అండి. గడ లేకుండా పడవ కదలదు గదండి. రోజూ పని అయ్యాక తెచ్చి మీ గుమ్మంలో పెట్టిద్ది. ఊరెళ్ళే రోజున మీ చేత్తో మీరిస్తేనే వెళ్ళిద్ది."

"సర్వే కర్ర నా ఇంట్లో పెట్టించి, గట్టు నేనే కొలిపించానని రేపు నలుగురికీ చెబుదామనా?"

మరియదాసుకి అర్థం కాలేదు. అర్థం కానట్టు నటిస్తున్నాడని నేననుకున్నాను. "సర్వే ఏంటండీ? ఈ పట్టీలు లోతు చూసుకోవడానికి. నీళ్ళొదిలితే ఏ మెట్టు దాకా వస్తయ్యో పొద్దున కొలిచి గీతలు పెట్టానండి. ఆ లెక్కన మోకు తాడు వదలాలి."

ఎంత అడిగినా తడుముకోడే. గుమ్మడికాయల దొంగ అయితే కనీసం భుజాలైనా తడుముకుంటాడు, ఇతను అదీ చేయడే అని నాకు మరింత గుబులు పుట్టింది. లోపలి నుంచి మా ఆయన కేకేశారు. "దుర్గా, వాళ్ళడిగేది పడవకి చోటు. మన హాలు కాదు."

ఆయన అలా అన్నాక పూర్తిగా కాదనడానికి మొహం చెల్లలేదు. సంతకం పెడతానన్నాను, కానీ షరతు పెట్టాను. తాడు కుదరదు. ముందూ వెనకా రెండు గొలుసులు, మూరెడు మించకూడదు, రెండింటికీ తాళాలు. తాళంచెవులు నా దగ్గరుంటాయి. పొద్దున్న ఆరింటికి వచ్చి తీసుకోవాలి, సాయంత్రం తాళాలేసి తెచ్చివ్వాలి.

"గొలుసుతో బిగించకూడదండమ్మగారూ" అన్నాడు మరియదాసు. "కాలువలో నీళ్ళు ఒక్క తీరున ఉండవు. రెండు బారల మోకు వదులుగా ఉండాలి. పెరిగితే దాంతో పాటే పడవ లేచిద్ది."

"వదులుగా ఉంటే ఎటైనా జారుకోవచ్చు. అందుకేగా?"

అతను సువార్తమ్మ మొహం చూశాడు. ఆవిడ గడ కిందికి దించింది. "ఒప్పుకో అన్నా. ఎండలో పడితే ఎట్టాగూ పోయిద్ది" అంది.

మర్నాడే పటమట సెంటర్లో అన్నిటికన్నా పెద్ద తాళాలు రెండు కొనుక్కొచ్చాను. కొట్టువాడు షట్టరుకా మేడమ్ అని అడిగాడు. పడవకని చెబితే ఇంకేమీ అడగలేదు. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద కాగితం రాసి, కింద నా పేరూ ఫోన్ నంబరూ వేసి ఇచ్చాను. మరియదాసు తన నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు. దాన్ని ఫోన్లో ఎక్కించుకోలేదు. అతనితో నాకేం పని అనుకున్నాను.

పద్దెనిమిది రోజులు అలాగే నడిచింది. సువార్తమ్మ ఆరింటికి ఒక్క నిమిషం అటూ ఇటూ లేకుండా వచ్చేది. గుమ్మం దాటేది కాదు, రెండు మెట్లు కింద నిలబడి చెయ్యి చాపేది. ఒకసారి పూజకమ్మా అంటూ తడిగుడ్డలో చుట్టి కలువపూలు తెచ్చింది. ఏదో అడగడానికి ముందు పూలు తెచ్చిందని రెండు రోజులు ఎదురుచూశాను. ఏమీ అడగలేదు. మూడోనాడు నాకే కొంచెం సిగ్గేసింది. అయినా తాళం మాత్రం మానలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా ఆయన రోజూ దెప్పేవారు.

మరియదాసు పొద్దున్నే వచ్చి ముందు సున్నం గీతలు చూసుకునేవాడు, తర్వాత గొలుసులు చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఒక శుక్రవారం గేటు దగ్గర నన్నాపి, "వచ్చే గురువారం కాలువలకి నీళ్ళొదులుతారంటండి. బుధవారం సాయంత్రం తాళాలు తీసేసి మోకు కడదామండి. మరచిపోవద్దు" అన్నాడు.

"బుధవారం కదా, చూద్దాంలే" అన్నాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఇబ్రహీంపట్నంలో మా ఆడపడుచు కూతురు గృహప్రవేశం. ఆదివారం పడవల పనికి సెలవు. సువార్తమ్మ శనివారం సాయంత్రమే తాళాలేసి చెవులిచ్చింది. వాటిని ఎవరికిచ్చి వెళ్ళాలి? వాచ్‌మన్ లేడు, ఎదురింటివాళ్ళ మీద నాకు గురి లేదు. నా హ్యాండ్‌బ్యాగులోనే వేసుకున్నాను. బయల్దేరే ముందు పేపర్లో దొంగతనాల వార్తలన్నీ చదివి, మిగతాది సోఫాలో పడేసి కారెక్కాను.

మేడ మీది నుంచి థర్మల్ స్టేషన్ గొట్టాలు కనిపించే ఇల్లది. సత్యనారాయణ వ్రతం సగంలో ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. కథ మూడో అధ్యాయానికి వచ్చేసరికి ఏడుసార్లు మోగింది.

"ఎవరో అవసరమై చేస్తున్నారేమో, ఎత్తరాదూ" అన్నారు మా ఆయన.

"నాతో అవసరం ఉన్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే అయి ఉంటారు. తెలిసినవాళ్ళ నంబర్లు నా దగ్గరున్నాయి. ఇది ఓటీపీ గాళ్ళ పనే."

పదకొండోసారి మోగాక ఆ నంబరు బ్లాక్ చేశాను. భోజనాల దగ్గర పులిహోర వడ్డిస్తుంటే అందరికీ ఫోన్ మోసాల గురించి క్లాసు తీసుకున్నాను. దుర్గాంబ అత్తయ్య దగ్గర ఎవడి ఆటలూ సాగవని పిల్లలు మెచ్చుకున్నారు. నాకూ బాగానే అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి మూడయింది. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. ఎవడు తీశాడా అని విసురుగా వెళ్ళాను. కాలువ నిండుగా పారుతోంది. ఏడు మెట్లలో రెండే కనిపిస్తున్నాయి. పడవ లేదు.

నిజం చెప్పేస్తాను. నాకు మొదట వచ్చిన ఆలోచన, పడవ తీసుకుని పారిపోయారనే. ఆ తర్వాతే పై మెట్టు మీద కూర్చున్న సువార్తమ్మ కనిపించింది. చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీర బురదై ఉంది. పక్కన మరియదాసు తడిసిన లుంగీతో నిలబడి ఉన్నాడు. రెండు చేతులకీ గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి, వాటిలోంచి రక్తం ఊరుతోంది. గడ ఒక్కటి గట్టు మీద ఆరుతోంది.

"వచ్చారాండి" అన్నాడు మరియదాసు. "తాళంచెవులిస్తే పడవ పైకి తీస్తామండి."

అప్పుడర్థమైంది పడవ ఎక్కడుందో. నీళ్ళ కింద, నా తాళాల దగ్గరే ఉంది.

ఎగువన వానలు పడ్డాయని, గురువారం వదలాల్సిన నీళ్ళు ఆదివారం పొద్దున్నే వదిలారు. ఆ సంగతి ఆ రోజు పేపర్లోనే వేశారు. తర్వాత సోఫాలోంచి తీసి చూస్తే నేను చదివిన దొంగతనం వార్త పక్కనే ఉంది. మరియదాసు చర్చి నుంచి వచ్చి తొమ్మిదిన్నరకి చూసేసరికి నీళ్ళు కింది నుంచి మూడో మెట్టు దాటాయి. పడవ లేవబోతుంటే గొలుసులు కిందికి పట్టుకున్నాయి. మా అపార్ట్‌మెంటులో ప్రతి ఫ్లాటు బెల్లూ కొట్టాడట. నేను పెట్టించిన బోర్డు లిఫ్టు పక్కన ఉండనే ఉంది, ఎవరూ తలుపు తీయలేదు. కాగితం మీది నంబరుకి ఫోన్ చేశాడు. పదకొండుసార్లు చేశాడు. తర్వాత ఆటో ఎక్కి ఆటోనగర్ పోయి, ఆదివారం తెరిచి ఉన్న షెడ్డు ఒకటి వెతికి రంపం బ్లేడు తెచ్చాడు. అప్పటికే పడవ అంచుల మీదుగా నీళ్ళెక్కుతున్నాయి. మెడలోతు నీళ్ళలో నిలబడి, తల ముంచుతూ లేస్తూ ముందు గొలుసు కోశాడు. రెండోది కోసేలోపల ముందు భాగం పైకి లేచి, వెనక భాగం గొలుసుకి వేలాడి, పడవ తిరగబడి మెట్టు రాతికి కొట్టుకుంది.

బ్యాగులో తాళంచెవులు చేతికి తగలలేదు. మెట్ల మీద అంతా కుమ్మరించాను. కుంకుమ పొట్లం, తాంబూలం, వ్రతం ప్రసాదం పడ్డాయి, వాటి కింద పడ్డాయి చెవులు. మరియదాసు తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. రెండో తాళం మొదటి తిప్పుకే వచ్చింది. కొత్త తాళం కదా.

మా ఆయనా, రోడ్డు మీద నుంచి వచ్చిన నలుగురూ కలిసి సాయంత్రానికి పడవని గట్టు మీదికి లాగారు. నడిమి చెక్క నిలువునా విరిగిపోయింది. సువార్తమ్మ దాని పక్కన కూర్చుని, విరిగిన చోట వేళ్ళు పెట్టి చూసింది. ఇది అతుక్కోదన్నా అంది మరియదాసుతో.

"ముందుది కోయకుండా ఉండాల్సిందండి" అన్నాడు మరియదాసు. "రెండూ ఉంటే మునిగినా బల్లపరుపుగా మునిగేది, విరిగేది కాదు. కంగార్లో కోశాను. తప్పు నాదేనండమ్మగారూ."

తప్పు తన మీద వేసుకుంటే నేను కరిగి ఏమైనా ఇస్తానని అంటున్నాడా అని ఆ క్షణంలో కూడా నా బుర్రకి తట్టింది. తట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో నా అనుమానం మీద నాకు అనుమానం రావడం అదే మొదటిసారి.

"మరియదాసు గారూ, అసలు మీకెందుకండీ ఇదంతా?" అన్నాను. ఈసారి కూపీ లాగడానికి అడగలేదు. "డ్యూటీ లేదు, లాకు లేదు. ఎవరి పడవకో చోటు కోసం మీరు నా గుమ్మంలో ఎందుకు నిలబడాలి?"

అతను చేతికి చుట్టిన గుడ్డ బిగించుకున్నాడు. "లాకు తీసేశారు గానండీ, పడవలు రావడం మానలేదు గదండి. వచ్చినోళ్ళు ఎక్కడ కట్టుకోవాలో అడగాలంటే ఒక మనుషుండాలి."

మర్నాడు మేస్త్రీ మిగిలిపోయిన పనికి ఇంకో పడవని పెట్టుకున్నాడు. సువార్తమ్మ బందరు బస్సెక్కింది. మా ఆయన డబ్బు కవరు ఇస్తే తీసుకుంది. ఎందుకు తీసుకోకూడదు? పోయింది ఆవిడ పడవ. కొత్తది చేయించుకోమని నేనన్నాను. "చేసే చెయ్యి పోయింది గదమ్మా, చూద్దాం" అని బస్సెక్కింది.

ఆ సాయంత్రం బెల్లు మోగింది. కన్నంలోంచి చూడకుండానే తలుపు తీశాను. మరియదాసు గడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మీ దగ్గరుంచమందండి."

"నా దగ్గరా? ఏ మొహం పెట్టుకుని ఉంచుకోమంటారు?"

"చోటిచ్చింది మీరే గదండి. ఆనవాయితీ ఆనవాయితీనే. పడవ చేయించుకుంటే వచ్చి మీ చేతి మీదగా తీసుకెళ్ళిద్ది. వచ్చే ముందు ఫోన్ చేస్తానంది. మీ నంబరు కాగితం మీద నుంచి రాసుకెళ్ళింది."

"ఆవిడ నంబరో?"

"తనకి ఫోన్ లేదండి. ఎవరి ఫోన్ నుంచైనా చేసిద్ది."

రెండు చేతులా అందుకున్నాను. చాలా బరువుంది. హాల్లో నిలువుగా పట్టలేదు, బాల్కనీలో మూలకి ఏటవాలుగా ఆనించాం. లిఫ్టు పక్కన బోర్డు తీయించాను. మరియదాసు ఇప్పటికీ పొద్దున్నే వస్తాడు, కడియాలకి ఆయిలు రాస్తాడు. కొన్నాళ్ళుగా ఆ కాలిన ఆయిలు డబ్బా మా వెనక గేటు లోపలే పెట్టుకుంటున్నాడు.

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పుడు మొదటి రింగుకే ఎత్తుతున్నాను. ఎత్తగానే, "సువార్తమ్మా?" అంటాను. ఇప్పటిదాకా అందరూ లోన్లు ఇస్తామనేవాళ్ళే.